వాదసభలు, తీర్పరులు

శ్రీనాథ కవిసార్వభౌముడు విజయనగరమునకు పోయి, ప్రౌఢదేవరాయల కాలమున గౌడ డిండిమభట్టును వాదమున ఓడించి, అతని కంచుఢక్కను పగులగొట్టించిన వృత్తాంతము మన ఇండ్లలో పిల్లలకు సైతము తెలిసినదే. చరిత్రకారులు రెండవ దేవరాయలని పిలుచు ఆ ప్రభువు 1424 మొదలు 1446 వరకు రాజ్యమేలెను. ఢక్క పగిలిన సంగతియు, సార్వభౌమ బిరుదము దక్కిన సంగతియు, చంద్రభూష క్రియాశక్తి రాయల పేరును శ్రీనాథుని పేర వినవచ్చు పద్యములయందే యున్నవి. ముత్యాలశాలలో కనకాభిషేకము జరిగిన మాటయు అందరు చెప్పుకొనునదే. కాని ఆ దినమున డిండిమభట్టు పూర్వపక్షముగా ఏమనెను? శ్రీనాథుడు దానికేమి బదులు చెప్పెను? సభలో కూర్చున్నవారు ఏ మాటను పట్టి గెలుపు ఇతనిదని నిశ్చయించిరి? ఇందులో ఒక్కటియు ఆ పద్యములు చెప్పవు. మనకు చేరినది గెలిచినవాని పేర నిలిచిన గెలుపు మాత్రమే. ఓడినవాని మాట దానిలో లేదు; తీర్పు చెప్పినవారి కారణము అంతకన్నను లేదు.

ఈ ప్రశ్న నాకు గ్రంథములు చదువుటచేత కలిగినది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక హైస్కూలులో జరిగిన చర్చాస్పర్ధకు నన్ను ముగ్గురు తీర్పరులలో ఒకనిగా పిలిచిరి. కన్నడమున తీర్పుగారరు అందురు. విషయము మన సీమకు తగినదే: క్రొత్త బోరుబావుల త్రవ్వకమును నిషేధింపవలెనా, వలదా? చిత్రావతి, పాపఘ్ని మన కొండల ప్రాంతముననే పుట్టుచున్నను, ఏడాది పొడుగున పారు నది మన జిల్లాకు లేదు. చెరువులు ఎండిన పిదప రైతు భూమి లోపలికి పోయెను. పిల్లలకు దీనిని గూర్చి పుస్తకము చూడనక్కరలేదు; ఇంటి వెనుక చేనికి పోయిన చాలును.

నిషేధింపవలెనను పక్షమున మిట్టేమరి వైపు పల్లెనుండి వచ్చిన ఒక బాలిక మాటలాడినది. బాగేపల్లి తాలూకాలోని ఆ హోబళిలో ఇంటి మాట తెలుగు, బడి మాట కన్నడము. ఆమె చెప్పినదాని సారాంశమిది: ప్రక్క చేనివాడు వెయ్యి అడుగులు త్రవ్విన, ఎనిమిదివందల అడుగుల మా బోరు ఎండిపోవుచున్నది; మరల మేము త్రవ్వవలెనన్న అప్పు చేయవలెను; కావున అడ్డు లేనిచో నీరు రైతుది కాదు, డబ్బున్న రైతుది. ఇట్లు చెప్పుచు, కెరె అనవలసిన చోట రెండుసార్లు చెరువు అన్నది. సభలో పిల్లలు నవ్విరి. తరువాత వలదను పక్షమున లేచిన బాలుడు పట్టణమువాడు. అతని కన్నడము తేనెవలె నుండెను. రైతు దేశమునకు వెన్నెముక యనెను, ఒక సామెత చెప్పెను, ఒక వచనము చదివెను, గంట కొట్టులోపల ముగించెను. ఆ బాలిక చెప్పిన అప్పు మాటను గాని, లోతు మాటను గాని అతడు తాకనైన తాకలేదు.

మా చేతికిచ్చిన కాగితమున నాలుగు గడులుండెను: విషయము, భాష, నిరూపణ, సమయపాలన. భాష గడిలో ఆమెకు నేను పదికి ఐదు వేసితిని. మొత్తము కూడగా రెండు మార్కులతో బాలుడు మొదటివాడయ్యెను. బహుమతులు పంచిన పిమ్మట ఆమె నాయొద్దకు వచ్చి తెలుగుననే అడిగినది: "సార్, నేను అడిగిన దానికి ఆ పిల్లోడు జవాబు చెప్పినాడా?" నేను, నీ కన్నడము ఇంకను మెరుగుపడవలెనమ్మా అంటిని. అది ఆమె అడిగినదానికి సమాధానము కాదు. ఆ బాలుడు తప్పుకొనినట్లే నేనును తప్పుకొంటిని.

ఇంటికి వచ్చి, చాలకాలము క్రిందట చదివి విడిచిన న్యాయసూత్రములను తీసితిని. గౌతముడు కథను, అనగా ఇరువురు చేయు చర్చను, మూడు విధములుగా చెప్పెను. నిజము తెలిసికొనుటకు చేయునది వాదము. గెలుచుటకు చేయునది జల్పము. తన పక్షమును నిలుపక ఎదుటివాని పక్షమును పడగొట్టుట మాత్రమే పనిగా గలది వితండ. మనము నేడు ఇంట వితండవాదమని తిట్టునది ఈ మూడవదే. బడిపిల్లల చర్చాస్పర్ధ పేరునకు వాదమైనను, బహుమతి యున్నది గనుక జల్పమే. దానిలో తప్పేమియు లేదు. జల్పమునకును నియమములున్నవి గదా.

ఆ నియమములు చివరి అధ్యాయము చివరి ఆహ్నికమున నున్నవి. ఓటమికి చోట్లు, నిగ్రహస్థానములు, ఇరువదిరెండు. తాను మొదట చెప్పినదానిని తానే విడుచుట ప్రతిజ్ఞాహాని. ప్రస్తుతమునకు సంబంధింపని మాట తెచ్చుట అర్థాంతరము. చెప్పినదానినే వృథాగా మరల చెప్పుట పునరుక్తము. బదులు తోచకుండుట అప్రతిభ. ఎదుటివాడు మూడుసార్లు చెప్పి, సభ దానిని గ్రహించిన పిదపను, దానిని తిరిగి అనువదింపలేకుండుట అననుభాషణము. ఈ చివరిదానిని నేను మరల మరల చదివితిని. ఖండించుటకు ముందు ఎదుటివాని మాటను తన నోట చెప్పి చూపవలెనని దీని భావము. ఆ మాటను విననట్లు నటించి వేరొక అందమైన మాట చెప్పినచో అది చాతుర్యము కాదు, ఓటమి. ఆ దినమున సభలో ఈ గ్రంథము నాచేత నుండినచో ఆ బాలునికి అర్థాంతరము, అప్రతిభ రెండును పట్టెడివి.

మరియొక సంగతి. ఆ ఇరువదిరెంటిలో ఉచ్చారణదోషమను పేర ఒక్కటియు లేదు. అర్థము లేని అక్షరములు పలుకుట దోషము, మాటకు మాటకు పొందిక లేకుండుట దోషము. మాట యాస దోషమని సూత్రము చెప్పలేదు. వ్యాకరణవేత్తల త్రోవ వేరు. శబ్దమును తప్పుగా పలుకుటవలననే అసురులు ఓడిరని పతంజలి మహాభాష్యమున ఒక ప్రాచీన కథ చెప్పెను. భాష గడిలో ఐదు వేసిన నేను తెలియకయే పతంజలి పక్షమున చేరితిని. ఆ బాలిక విషయమున అది మరింత అన్యాయము; కెరె బదులు చెరువు అన్నదానిలో అర్థము చెడలేదు, నవ్వినవారికి కూడ అర్థమయ్యెను గనుకనే నవ్విరి. కైవారము నారాయణ యోగి ఈ సీమయందే తెలుగున, కన్నడమున రెండింటను కీర్తనలు పాడెను. ఆయన భక్తులు వానికి వేరు వేరు గడులలో మార్కులు వేసినట్లు నేను వినలేదు.

తీర్పరి యెవరు, ఆయన అధికారమెంత యను విషయమున మన పూర్వుల కథలు అంత స్థిరముగా లేవు. మాధవీయ శంకరవిజయమున శంకరాచార్యులకు, మండనమిశ్రునకు జరిగిన వాదములో మండనుని భార్య ఉభయభారతి మధ్యస్థురాలు. ఆమె ఇరువురి మెడలను పూలమాలలు వేసి, ఎవరి మాల వాడునో వారు ఓడినట్లని చెప్పి, ఇంటిపనులు చూచుకొన పోయినది. భర్తయే ఒక పక్షమువాడు గనుక ఆమె తీర్పును మాలకు విడిచినదని పెద్దలు సంతోషింతురు. నాకు మాత్రము మాల న్యాయమనిపించదు. మాల కారణము చెప్పదు. ఓడినవాడు దానిని ప్రశ్నింపలేడు.

దీనికన్న వైద్యుల గ్రంథమైన చరకసంహిత లోకజ్ఞానము గలది. విమానస్థానమున చరకుడు వైద్యులకు వాదము నేర్పుచు, ముందు సభను పరీక్షించుకొనుమనెను. సభ తెలిసినవారిదా, తెలియనివారిదా? తనకు మిత్రమా, ఉదాసీనమా, పగబట్టినదా? ఏ సభలో ఎట్లు మాటలాడవలెనో, ఎక్కడ నోరు మెదపరాదో ఆయన విప్పి చెప్పెను. తీర్పరి చెరిపిన పలక కాడనియు, ముందే ఏదో వ్రాసియున్న పలక యనియు ఆయనకు తెలియును.

చెరిపిన పలక యను మాట నాది కాదు, అమెరికా దేశపు వాదసభలలోనిది. మన కుటుంబముల పిల్లలు కొందరు నేడు ఆ దేశపు హైస్కూళ్లలో చదువుచున్నారు గనుక దానిని గూర్చి కొంత చెప్పవచ్చును. అక్కడ బడిపిల్లల వాదమునకు 1925లో విస్కాన్సిన్ రాష్ట్రములోని రిపన్ పట్టణమున ఒక జాతీయ సంఘమేర్పడినది. పాలసీ డిబేట్ అని వారు పిలుచు పద్ధతిలో దేశమంతటికి సంవత్సరమునకు ఒక్కటే విషయము. ఇరువురు ఒక పక్షము, ఇరువురు మరియొక పక్షము. ప్రభుత్వ విధానమును మార్చవలెననువారు ఒక పథకమును ముందుంచవలెను. నలుగురును తలకు ఎనిమిది నిమిషములు మొదట మాటలాడుదురు. ప్రతి ప్రసంగము వెనుక మూడు నిమిషములు ఎదుటివారి ప్రశ్నలు. పిమ్మట నలుగురికిని అయిదేసి నిమిషములు ఖండనమునకు. లెక్కించిన ఒక గంట దాటును. మన స్పర్ధలో బిడ్డ ఒక్కసారి లేచి, తన మాట చెప్పి, కూర్చుండును. ఎదుటివాడు బదులు చెప్పలేదని చెప్పుటకైనను ఆమెకు రెండవసారి నోరు లేదు. అట్టి ఏర్పాటులో తీర్పరికి విచారించుటకు మిగులునది కంఠము, భాష, గంట మాత్రమే. మార్కుల కాగితమున ఆ గడులు ఊరక రాలేదు.

అక్కడి తీర్పరి పెద్ద కాగితమును నిలువుగా గీతలు గీచికొని, ఒక ప్రసంగమున కొక వరుస చొప్పున, ప్రతి వాదమునకు ఎదుట దాని బదులును వ్రాసికొనును. వరుసలో ఖాళీ మిగిలిన, ఆ మాటను ఎదుటివారు ఒప్పుకొనినట్లే. ఇది అప్రతిభయే, గౌతముని పేరు ఎరుగకయే వారు అదే చోటికి వచ్చిరి. పిమ్మట ఆ కాగితమును ఎట్లు చదువవలెనను విషయమున వారిలో తెగలున్నవి. పాత తెగవారు, కీడు నిజముగా నున్నదా, అది ఇప్పటి ఏర్పాటువలననే కలుగుచున్నదా, ఈ పథకముచే తీరునా, అసలిది చర్చావిషయములోనిదేనా అని ఒక్కొక్కటి అడుగుదురు. ఒక్కటి తప్పినను పథకము పక్షము ఓడినట్లే. ఉన్నది మార్చవలెననువాని మీదనే నిరూపణభారము పడునని ఇంగ్లండున వేట్లీ పండితుడు 1828లో ప్రకటించిన అలంకారగ్రంథమున వాదించిన సూత్రమే దీనికి మూలబలము. మరియొక తెగవారు తమ్ము శాసనసభ్యులుగా భావించుకొని, లాభనష్టములు తూచి, మేలైన పక్షమునకు ఓటు వేయుదురు. డేవిడ్ జరెఫ్‌స్కీ అను ఆచార్యుడు 1970ల దశకమున, విజ్ఞానశాస్త్రమునందు ఊహను పరీక్షించినట్లు చర్చావిషయమును పరీక్షింపవలెననెను. చెరిపిన పలక తెగ వేరు: సభలో పలికినదే యున్నది, పలుకనిది లేదు, తీర్పరి తన జ్ఞానమును గుమ్మము వెలుపల విడిచి రావలెను. మెచ్చదగినదేమనగా, అక్కడ చాలమంది తీర్పరులు తాము ఏ తెగవారమో ముందుగనే వ్రాసి పిల్లలకు తెలియునట్లు ప్రకటింతురు, ముగిసిన పిమ్మట కారణము చెప్పుదురు.

అయినను అందులో అన్నియు మెచ్చతగినవి కావు. ఖాళీ మిగిలినచో గెలుపు గనుక, ఎదుటివాడు బదులు చెప్పలేనన్ని వాదములు కుప్పవోయుటకై కొందరు పిల్లలు నిమిషమునకు మూడువందల మాటలకు పైగా చదువుదురు. మూడుసార్లు చెప్పినను సభకును ప్రతివాదికిని అర్థము కానిచో చెప్పినవాడే ఓడినట్లని, దానికి అవిజ్ఞాతార్థమని గౌతముడు పేరు పెట్టెను. ఆయనను అక్కడ తీర్పరిగా కూర్చుండబెట్టిన, అనేకులు మొదటి ప్రసంగముననే ఇంటికి పోదురు.

పలకను పూర్తిగా చెరుపుటయు నాకు సమ్మతము కాదు. ఒకడు తప్పు లెక్క చెప్పి, రెండవవాడు దానిని పట్టనిచో, తెలిసిన తీర్పరి ఊరకుండవలెనా? ఇక్కడ న్యాయసూత్రములలో ఒక సూక్ష్మమైన చోటు కలదు: పర్యనుయోజ్యోపేక్షణము. ఎదుటివాడు ఓటమికి చోటిచ్చినను దానిని పట్టక విడుచుట కూడ ఓటమియే. మరి దీనిని ఎత్తిచూపువాడెవడు? తప్పు చేసినవాడు తన లోపమును తానే బయలుపరుపడు గదా. కావున, ఎవరు ఓడిరని అడిగినపుడు సభయే దీనిని చెప్పవలెనని వాత్స్యాయనుడు భాష్యమున తీర్చెను. సభ తనంత తాను వాదములో దూరదు, అడిగిన దాచదు. పలక చెరిగియే యున్నది, బలపము మాత్రము సభవారి చేతనే యున్నది.

ఆ బాలిక నన్ను అడిగినది సరిగా ఇదియే. ఆమె అడిగెను, సభ చెప్పలేదు.

తరువాత మరియొక ఊరిలో నన్ను పిలిచినపుడు, ప్రతి బిడ్డకును చివర ఒక్క నిమిషము బదులు చెప్పుటకు ఇయ్యుడని కోరితిని. నిర్వాహకులు ప్రొద్దుపోవునని సణిగి, ఒప్పుకొనిరి. నేను కాగితమును గీతలు గీచికొని కూర్చుంటిని. మొదట పిల్లలకు ఆ నిమిషము ఏమి చేయవలెనో తోచలేదు. కొందరు మునుపు చెప్పినదానినే మరల చెప్పిరి. ఒక బాలుడు మాత్రము లేచి, ఎదుటి పక్షపు బాలిక చెప్పినదానిని ఉన్నదున్నట్లు తన మాటలలో చెప్పి, "దీనికి నా దగ్గర జవాబు లేదు" అని కూర్చుండెను. అతనికి ఎన్ని మార్కులు వేయవలెనో తెలియక ముగ్గురు తీర్పరులమును కొంతసేపు ఒకరి ముఖము నొకరు చూచుకొంటిమి.