తూటా డొల్ల చెప్పు సాక్ష్యము

పాత జమీందారుల దివాణములలోను, దొరల బంగళాలలోను గోడలకు వ్రేలాడు పులితలలను, దుప్పికొమ్ములను చూడనివారు అరుదు. 20వ శతాబ్దారంభమున హైదరాబాదు రాజ్యమునకు వేటకు వచ్చిన కర్జన్ ప్రభువు దంపతులు చచ్చిన పులి ముందు నిలిచి తీయించుకొన్న ఛాయాచిత్రము నేటికిని పుస్తకములలో అచ్చగుచునే యున్నది. సర్గుజా మహారాజు తాను వేయికి మించిన పులులను కొట్టితినని చెప్పుకొనెను. చర్మము, కోర, కొమ్ము, ఛాయాచిత్రము, వీనికి తోడు వేటగాని మాట: మనకు మిగిలిన వేట చరిత్ర చాలవరకు వీనిపై నిలిచినది. ఇవన్నియు తగిలిన గుండును గూర్చి చెప్పునవే. తప్పిన గుండ్లెన్ని, గాయముతో పొదలలోబడి ఎవరికిని కానరాక చచ్చిన మృగములెన్ని అను ప్రశ్నకు గోడమీది తల బదులు చెప్పదు. వేటగాడును చెప్పడు. చెప్పగలిగినది ఆ దినమున అతని కాలిక్రింద గడ్డిలో పడిన యొక చిన్న ఇత్తడి గొట్టము మాత్రమే.

తుపాకి పేలినప్పుడు గుండు ముందుకు పోవును. పొగ గాలిలో కలియును. మందును, గుండును, కేపును తనలో ఇముడ్చుకొని యుండిన గొట్టము వెనుక మిగులును. వేటకాండ్రు దీనిని ఖాళీ యందురు. ఈ ప్రసంగమున మేము డొల్ల యనుచున్నాము. తపాలాబిళ్లలను, పాతనాణెములను సేకరించువారివలెనే ఈ డొల్లలను సేకరించువారును అనేక దేశములలో కలరు. వెలుపలివారికి ఇది పిల్లచేష్టగా తోచవచ్చును. కాని కొన్ని తావులలో ఈ డొల్లలే పుస్తకములలో స్థిరపడిన చరిత్రను త్రోసిపుచ్చినవి. అట్టి వృత్తాంతమొకటి ముందు చెప్పెదము.

మొదట డొల్ల పుట్టుక. 1857 తిరుగుబాటు పేరు చెప్పగానే మనకు కొవ్వు పూసిన తూటాలు జ్ఞప్తికి వచ్చును. అవి కాగితపు తూటాలు. సిపాయి దాని కొసను పంటితో కొరికి, మందును తుపాకి మూతినుండి గొట్టములో పోసి, గుండును కాగితముతో గూడ కూరవలెను. పేలిన పిదప దాచుకొనదగినది ఏదియు మిగులదు. ఇంత పెద్ద చరిత్రకు కారణమైన తూటా తన వెనుక డొల్లనైనను విడువలేదు.

అప్పటికే ఐరోపాలో మరియొక మార్గము తెరచుకొనియుండెను. స్విట్జర్లండు దేశీయుడు పౌలీ, మందును గుండును కేపును ఒక్కటిగా గూర్చి, తుపాకి వెనుకవైపునుండి పెట్టు తూటాకు 1812లో పారిస్ నగరమున పేటెంటు పొందెను. 1830ల నాటికి అదే నగరమున లెఫోషూ అను తుపాకుల నిర్మాత, ప్రక్కకు పొడుచుకొని వచ్చిన చిన్న సూదిపై దెబ్బ తగులగా పేలు తూటాను వేటగాండ్రకు అందించెను. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనములో అతని తుపాకిని చూచిన పిమ్మటగాని ఆంగ్ల నిర్మాతలకు మెలకువ రాలేదు. తరువాతి పదునైదేండ్లలో సూది పోయి, కేపు అడుగుభాగము నడిమికి వచ్చెను. నేటికిని వేట తుపాకులలో చూచుచున్నది ఆ రూపమునే.

ఇత్తడినే ఏల ఎంచుకొనిరి? మందు మండినపుడు పుట్టు ఒత్తిడికి పలుచని ఇత్తడి క్షణకాలము వ్యాకోచించి తుపాకి గోడలకు అంటుకొని, పొగ వెనుకకు రాకుండ మూసివేయును. ఒత్తిడి తగ్గగానే కొంచెము ముడుచుకొని, బయటికి లాగుటకు అనువుగా వదులగును. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు యశదము కలిసిన ఇత్తడికి ఈ గుణము చక్కగా అమరినది. ఈ వ్యాకోచములోనే మరియొక సంగతి జరుగును. తుపాకి లోపలనున్న ప్రతి గీత, ప్రతి గంటు, కేపును పొడుచు సూదిమొన ఆకారము, డొల్లను వెలికి లాగు కొక్కెపు గోరు, అన్నియు మెత్తని లోహముపై అచ్చుపడును. ఒక నమూనాలో చేసినవైనను రెండు తుపాకుల అచ్చులు ఒక్కటి కావు. నేరపరిశోధకులు డొల్లలను సూక్ష్మదర్శినిక్రింద పెట్టి పోల్చి చూచుట ఇందులకే.

డొల్లను త్రిప్పి అడుగు చూచినచో చదువదగిన వ్రాతయు కనబడును. చేసినవాని పేరు, తుపాకి కొలత అచ్చట ముద్రింపబడును. మనదేశమున వేటాడిన దొరల తూటాలపై లండను ఈలీ పేరు, బర్మింగ్‌హాము కైనాక్ పేరు తరచు కానవచ్చును. 12 అను అంకెను చూచి అంగుళములో, మిల్లీమీటర్లో అని చాలమంది భ్రమపడుదురు. ఒక పౌను సీసమును 12 సమానమైన గుండ్లుగా పోసినచో అందొక గుండు ఏ గొట్టములో సరిగా పట్టునో అది 12 బోరు తుపాకి. కావుననే అంకె పెరిగినకొలది గొట్టము సన్నబడును. అడుగు ఇత్తడిదై పైభాగము ప్లాస్టిక్కుతో చేసిన డొల్ల దొరికినచో అది పాతకాలపు దొర విడిచినది కాదని చెప్పవచ్చును, ఏలయన రెమింగ్టన్ సంస్థ ప్లాస్టిక్కు డొల్లలను అంగళ్లకు పంపినది 1960లో. అంతకుముందు అచ్చట మైనము పట్టించిన అట్ట యుండెడిది. అట్ట మన వానలకు రెండేండ్లయినను ఆగునా? అడుగున నున్న ఇత్తడి గిన్నె మాత్రము మిగులును.

కొన్ని అంకెల వెనుక ప్రభుత్వపు భయము దాగియున్నది. 20వ శతాబ్దపు తొలి దశకమున ఆంగ్ల ప్రభుత్వము .450 అంగుళముల కొలత గల తూటాలు హిందూదేశమునకును సూడానునకును రాకుండ నిషేధించెను. అదివరకు సైన్యమువారు వాడిన మార్టినీ హెన్రీ తుపాకుల గొట్టము కొలతయు అదియే. ఆ తుపాకులు కొన్ని తిరుగుబాటుదారుల చేతులలో నుండెను. వేటగాని తూటా వారికి ఉపకరించునేమో యని సర్కారు శంకించెను. దాని ఫలితమేమనగా, పులులకు ఏనుగులకు వాడు పెద్దతుపాకుల నిర్మాతలు తలకొక కొత్త కొలతను కల్పించిరి. .465, .470, .475, .476 అను విచిత్రపు అంకెలు అట్లు పుట్టినవి. జంతువునకు .450కిని .470కిని భేదము తెలియదు. ఆ భేదము రాజ్యమునకే కావలసివచ్చెను. ఈ నిషేధమును గూర్చి ఏ కాగితమును చూడనివాడు సహితము నాలుగు డొల్లలను వరుసగా పెట్టి చూచినచో ఏదో జరిగినదని ఊహింపగలడు.

ఐనను ఇత్తడి ఖరీదైనది. డొల్లను మరల నింపి వాడవచ్చును. కాబట్టి తెలివిగల వేటగాడు దానిని పారవేయడు. అమెరికా మైదానములలో 1870ల దశకమున అడవిదున్నలను చంపి తోళ్లమ్ముకొన్న వారు పగలు కాల్చిన డొల్లలను ఏరి తెచ్చి, రాత్రి గుడారములో కొత్త కేపు పెట్టి, మందు పోసి, సీసమును కరగించి గుండ్లు పోసికొనెడివారు. కోట్లలో నుండిన ఆ మంద 1880ల చివరకు వేయిచిల్లరకు దిగెను. తరువాత వచ్చిన సేద్యగాండ్రు ఎముకలను గూడ బండ్లకెత్తి ఎరువునకు అమ్మివేసిరి. ఆ సంహారమునకు నేలపై మిగిలిన గుర్తులలో పగిలియో, వంగియో మరల నింపుటకు పనికిరాక పడియున్న డొల్లలు కొన్ని. దీనినిబట్టి సేకరించువాడు తెలిసికొనవలసినది యొకటి కలదు. దొరికిన డొల్లల సంఖ్య కాల్చిన తూటాల సంఖ్య కాదు.

ఆ మైదానములలోనే, మోంటానా ప్రాంతమున, 1876 జూన్ 25వ తేదీన లిటిల్ బిగ్‌హారన్ నదియొడ్డున కస్టర్ అను సేనాని తన వెంటనున్న సుమారు 210 మందితో గూడ లకోటా, షయెన్ తెగల యోధులచేత హతుడయ్యెను. అతనితో కొండపై నిలిచిన తెల్లవాడొక్కడును బ్రతికి బయటపడలేదు. ఓడినవారు చచ్చిరి. గెలిచినవారి మాటను చాలకాలము ఎవరును చెవిని బెట్టలేదు. తత్ఫలితముగా ఆ యుద్ధకథను చిత్రకారులును నాటకములవారును వ్రాసిరి. కత్తి దూసి, గుండ్రముగా నిలిచిన సైనికుల నడుమ కడపటి గుండువరకు పోరాడిన వీరుడు కస్టర్ అను చిత్రము సారాయి దుకాణముల గోడలకు గూడ ఎక్కెను. షయెన్ వృద్ధులు మాత్రము కడపటి ఘట్టము త్వరగా ముగిసెననియు, సైనికులలో కలవరము పుట్టెననియు చెప్పుచు వచ్చిరి.

1983 ఆగస్టులో ఆ కొండలపై గడ్డికి నిప్పంటుకొని నేల బయటపడెను. 1984, 1985 సంవత్సరములలో డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ అను పురావస్తు శాస్త్రజ్ఞులు స్వచ్ఛంద సేవకులను కూడగట్టుకొని ఆ నేలను శోధించిరి. వారి పద్ధతి చెప్పదగినది. లోహమును కనిపెట్టు యంత్రములతో ఒక జట్టు వరుసగా నడచును. యంత్రము కూసినచోట ఒక చిన్న జెండాను నాటి ముందుకు సాగును. రెండవ జట్టు మెల్లగా మన్ను తొలగించి, వస్తువును కదల్పక ఉన్నచోటనే యుంచును. మూడవ జట్టు దాని స్థానమును, లోతును కొలిచి పటములో గుర్తించిన పిమ్మటనే దానిని పైకి తీయుదురు. డొల్లలు, గుండ్లు, గుండీలు మొదలగునవి రెండేండ్లలో 5,000కు పైగా దొరకినవి.

సైన్యము తుపాకి ఒక్కసారికి ఒక్క తూటాను పేల్చు స్ప్రింగ్‌ఫీల్డు. దాని డొల్ల రాగిది. ఎదుటిపక్షమున పాతకాలపు మూతిమందు తుపాకులనుండి, వరుసగా అనేక పర్యాయములు పేలు హెన్రీ, వించెస్టర్ తుపాకుల వరకు పలువిధములుండెను. వీనిలో చాలభాగము వేటకని వర్తకులవద్ద కొన్నవి. హెన్రీ డొల్లను గుర్తించుట సులభము, దాని అంచుపై సూది రెండు ప్రక్కల పొడిచియుండును. కాల్‌హూన్ కొండకు సమీపమున ఈ డొల్లలు ఎంత దట్టముగా దొరకినవనగా, పరిశోధకులు ఆ తావునకు హెన్రీవిల్ అని ముద్దుపేరు పెట్టిరి. సైనికులున్న కొండవైపు వేటతుపాకులు ఎచ్చటనుండి ఎక్కుపెట్టబడినవో నేలయే పటము గీసి చూపెను.

తరువాత అసలుపని సూక్ష్మదర్శినిక్రింద జరిగినది. వేరువేరు తావులలో దొరకిన డొల్లలపై ఒకే సూదిపోటు కనబడినచో, ఒకే తుపాకి ఆ తావులన్నిటికి నడచి వచ్చెనన్నమాట. ఆ విధముగా, పేరు తెలియని యోధుడు ఒక కొండనుండి మరియొక కొండకు సాగిన జాడను పరిశోధకులు పట్టుకొనిరి. కస్టర్ పడిన తావున ప్రేలిన తుపాకులు కొన్ని, తరువాత మైళ్లకవతల రీనో దళము పొంచియుండిన కొండ చుట్టును ప్రేలినట్లు తేలినది. సైనికుల డొల్లలు మాత్రము క్రమముగా నిలిచి పోరాడినవారి వరుసను కొన్నిచోట్లనే చూపినవి. ఆ పిమ్మట వరుస చెదరినది. కడపటి ఘట్టము చిత్రపటములలోనిది కాదనియు, సేన కట్టు తప్పి కూలినదనియు ఫాక్స్ నిర్ణయించెను. ఇది అందరును ఒప్పుకొన్న మాట కాదు. కాని షయెన్ వృద్ధులు చెప్పినదానికి ఇది చేరువగా నున్నది. నూరేండ్లు నమ్మని మాటను నమ్మించుటకు రాగిముక్కలు కావలసివచ్చినవి. రాగి డొల్లలు వేడికి తుపాకిలో చిక్కుకొనుటచేతనే దళము నశించెనను మరియొక సాకును గూడ ఆ డొల్లలే తేల్చినవి. కత్తితో పెళ్లగించిన గీతలు కొలదిపాటి డొల్లలపైననే కానవచ్చెను. 1991లో ఆ స్థలమునకు కస్టర్ పేరు తీసివేసి, నది పేరు పెట్టిరి.

ఇచ్చటనే సేకరించువారితో మాకొక తగవు కలదు. పురావస్తువులవారు రాకముందు నూరేండ్లపాటు యాత్రికులు ఆ కొండలనుండి డొల్లలను జ్ఞాపికలుగా జేబులలో వేసికొనిపోయిరి. మంచి లోహము, మంచి ముద్ర, చక్కని మెరుపు. ఎచ్చట దొరకెనో వ్రాసియుంచినవారు లేరు. అవి నేడు ఎవరి పెట్టెలలో నున్నను పదార్థము మాత్రమే, సాక్ష్యము కాదు. ఇట్లుండగా నై, కార్ట్‌రైట్ అను ఔత్సాహికులు ఇరువురు తమకు దొరకిన డొల్లల తావును గుర్తుంచుకొని చెప్పిరి. కస్టర్ దళములో కొందరు ఆ మిట్టమీదుగా సాగిరని దానివలన తెలియవచ్చెను. ఆ మిట్టకు నేటికిని వారిద్దరి పేర్లే వాడుక. శాస్త్రజ్ఞుడు కానక్కరలేదు, ఒక చీటీ, ఒక పెన్సిలు చాలును.

మన దేశమున 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముతోను, 1991 సవరణతోను వినోదపు వేట ముగిసినది. కావున మన అడవులలో పాత డొల్ల ఇకమీదట చరిత్రవస్తువే. చెరువు పూడిక తీయునపుడో, పాత వేటబంగళా వెనుక గొయ్యి త్రవ్వునపుడో ఒకటి కనబడినచో కేపువైపు చూడవలెను. కేపు నడుమ సూదిపోటు లేనిచో అది డొల్ల కాదు, ప్రాణమున్న తూటా. దానిని ముట్టక ఠాణాకు తెలుపవలెను. 1959 ఆయుధచట్టము ప్రకారము అనుమతిపత్రము లేనివారు అట్టిదానిని దగ్గర ఉంచుకొనరాదు. పోటున్నను, పేలక మొరాయించిన తూటాలు కొన్ని యుండును. మూతిలో గుండుగాని, అట్టబిళ్లగాని కనబడినను అదే జాగ్రత్త. నిజముగా డొల్లయైనచో చింతపండు పెట్టి తోమరాదు. చిలుమును తీయబోయినచో సూదిపోటు చుట్టునున్న సన్నని గీతలు గూడ పోవును. ఏ ఊరి ఏ గట్టున, ఎంత లోతున, ఏ తేదీన దొరకినదో వ్రాసి దానితో చేర్చి ఉంచవలెను.

ఇంత చేసినను మన వేట చరిత్రలో సగము చేతికి రాదు. డొల్ల విడిచినవాడు అనుమతిపత్రమును, సీమతూటాను కొనగలిగినవాడు: దొర, జమీందారు, అటవీశాఖ ఉద్యోగి, పట్టణపు ప్లీడరు. తూర్పుకనుమలలో పోడు చేలను పందులనుండి కాచుకొన్న గిరిజనుని చేతిలోనిది నాటు తుపాకి. మందును మూతినుండి పోసి, గుడ్డపేలిక కూరి, సీసపు ముక్కలనో ఇనుప ముక్కలనో వేసి పేల్చునది. 1857 నాటి సిపాయి తుపాకివలెనే అది పేలిన చోట పొగ తప్ప ఏమియు మిగులదు. సేకరించువాని పెట్టెలో అతనికి అర లేదు. అతడెన్ని తూటాలు కాల్చెనో, ఎన్ని తప్పెనో తెలియవలెనన్నచో ఆ గూడెమునకు పోయి, ఇంకను బ్రతికియున్న ముసలివారిని అడిగి, వారు చెప్పినదానిని ఊరు పేరుతో, తేదీతో వ్రాసికొనవలెను.