113 ఏళ్ళు కనపడని గుడ్లగూబ: ఒక దొంగ లేబుల్ కథ

చలికాలం వస్తే చాలు, ఫోన్ నిండా గుడ్లగూబల ఫొటోలే. అందుకే ఇవాళ ఒక గుడ్లగూబ చరిత్ర చెప్తాను. పేరు ఫారెస్ట్ ఔలెట్. మనం అడవి గూబ అందాం.

1872 డిసెంబర్. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో బస్నా ప్రాంతం. బ్లెవిట్ అనే ఆయనకి ఈ పక్షి దొరికింది. అప్పట్లో పక్షిని రికార్డు చేయడమంటే ఫొటో తీయడం కాదు, కాల్చి, చర్మంలో దూది కూరి, లేబుల్ కట్టడం. 1873లో దీనికి బ్లెవిట్ పేరు పెట్టింది ఏ.ఓ. హ్యూమ్. అవును, గ్రూప్స్ పుస్తకాల్లో కాంగ్రెస్ స్థాపన దగ్గర కనిపించే హ్యూమే! తర్వాత డేవిడ్‌సన్ అనే ఆయన ఖాందేశ్‌లో మరికొన్ని సేకరించాడు. 1884 తర్వాత మాత్రం అంతా నిశ్శబ్దం.

మధ్యలో ఒక్క రికార్డు ఉంది: 1914, గుజరాత్‌లోని మాండ్వి, సేకరించింది కల్నల్ మైనర్ట్‌జాగన్. జనం దాన్ని నమ్మి అక్కడ వెతికారు. ఏమీ దొరకలేదు. పక్షి అంతరించిపోయిందనే అనుకున్నారు.

1990లలో పమేలా రాస్‌ముస్సెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, నైజెల్ కాలర్‌తో కలిసి ఆ నమూనాని ఎక్స్‌రే తీసి మరీ పరిశీలించారు. తేలిందేంటంటే, అది డేవిడ్‌సన్ పట్టిన పాత పక్షే. మైనర్ట్‌జాగన్ దాన్ని మ్యూజియం నుంచి కొట్టేసి, మళ్ళీ కుట్టి, కొత్త లేబుల్ తగిలించాడు!

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు రోజూ చూసిన సంగతే ఇది: ఒక్క తప్పు ఎంట్రీ చాలు, వెతుకులాట మొత్తం దారి తప్పుతుంది. ఆవిడ ఆ ఎంట్రీ తీసేసి, నిజమైన లేబుళ్ళు చెప్పిన చోట్లకే వెళ్ళారు. తోడు బెన్ కింగ్, డేవిడ్ అబాట్. ముందు తూర్పు వైపు చూశారు, లేదు. తర్వాత మహారాష్ట్రలో, సాత్పురా కొండల అంచున ఉన్న షహాదా. 1997 నవంబర్ 25 పొద్దున, ఆకుల్లేని చెట్టు మీద ఎండ కాగుతూ కూర్చుని ఉంది! చుక్కల్లేని తల, తెల్లటి ఈకలు నిండిన బలమైన కాళ్ళు. ఈసారి తుపాకీ లేదు. వీడియో, ఫొటోలు తీశారు. అదే సాక్ష్యం.

ఆ తర్వాత మేల్‌ఘాట్‌తో పాటు ఇంకొన్ని అడవుల్లోనూ కనిపించింది. అయినా ఇప్పటికీ ఇది అంతరించే ప్రమాదంలో ఉన్న పక్షే.

మనకేంటి సంబంధం అంటారా? ఇవాళ మీ ఫోన్ ఫొటోనే ఆ లేబుల్. తేదీ, చోటు ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోండి. కానీ గూడు లొకేషన్ మాత్రం రీల్‌లో పెట్టకండి. గూబల్ని చేతబడి పేరుతో పట్టి అమ్మేవాళ్ళు మన దేశంలో ఇంకా ఉన్నారు. పైగా అడవి గూబ గూడు పెట్టేది ఈ చలికాలంలోనే. స్పీకర్‌లో దాని కూత పెట్టి పిలవద్దు, ఫ్లాష్ కొట్టద్దు. దూరంగా, ఓపిగ్గా కూర్చోండి.

మీ ఊళ్ళో గుడ్లగూబని చూస్తే ఏమంటారు? కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.