ఒంటి చక్రం తిక్క

ఆమధ్య ముసురులో మేనకోడలి పెళ్లికి వెళుతుంటే, ముహూర్తం గంట ఉందనగా చెరువుగట్టు దగ్గర కారు దిగబడింది. యాక్సిలరేటర్ తొక్కితే ముందు కుడిచక్రం బురద చిమ్ముతూ గిర్రున తిరుగుతోంది. గట్టినేల మీదున్న ఎడమ చక్రం మాత్రం అలిగిన అల్లుడిలా కదలదు!

"ఇదేం పక్షపాతంరా?" అన్నాను.

"పక్షపాతం కాదు బావా, అతి సమానత్వం" అన్నాడు మా బావమరిది.

ఎడ్లబండికి ఈ బెడద లేదు. లాగేది ఎడ్లు, చక్రాలు దేని దారిన అవి తిరుగుతాయి. చక్రాలనే తిప్పి బండిని నడపాలన్నప్పుడు వచ్చింది చిక్కు. వాటి మధ్య నాలుగడుగుల ఎడముంటే, ఒక చుట్టు తిరిగేసరికి బయటి చక్రం లోపలిదానికంటే సుమారు 25 అడుగులు ఎక్కువ దొర్లాలి. రెంటినీ ఒకే ఇరుసుకు బిగిస్తే ఏదో ఒకటి ఈడ్చుకుపోవాల్సిందే. 1827-28 ప్రాంతంలో ఒనెసిఫోర్ పెకర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు ఆవిరిబండి కోసం పళ్లచక్రాలతో దీనికి విరుగుడు కనిపెట్టాడు. అదే డిఫరెన్షియల్. వెనక చక్రాల మధ్య ఉండే ఈ సరంజామా, ముందు చక్రాలతో నడిచే కార్లలో ముందుకు చేరింది. 1934లో సిట్రోయెన్ అలాంటి కారు తెచ్చింది. 1983లో మారుతి 800తో మన వీధుల్లోకీ వచ్చింది.

ఈ ఏర్పాటులో వేగాలు వేరుకావచ్చు గానీ బలం చెరిసగం. బురదలోని చక్రానికి పట్టు లేదు. చిటికెడు బలానికే తిరిగిపోతుంది. రెండోదానికీ అంతే చిటికెడు! దాంతో బండి కదులుతుందా?

బావమరిది కుడిచక్రం కింద రాళ్లు, ఎండుకొమ్మలు తోసి, మెల్లగా తొక్కమన్నాడు. పట్టు దొరికింది. జీలకర్రా బెల్లం వేళకి చేరాం.

నేను కోప్పడింది కదలని చక్రం మీద. వైద్యం కావలసింది తిరిగేదానికి!