తుఫాను కబురు తీరం చేరేదాకా

1864లో బంగాళాఖాతం నెల తిరక్కుండానే రెండు రేవులను ముంచింది. అక్టోబరు 5న కలకత్తా, నవంబరు 1న బందరు. బందరులో సముద్రం పొంగి మైళ్ల కొద్దీ లోపలికి వచ్చింది. పట్నంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ కలిపి సుమారు 30,000 మంది చనిపోయారని అంచనా.

ఈ దెబ్బలకు ప్రభుత్వం కదిలింది. మరుసటి ఏడే కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికలు పంపే ఏర్పాటు చేశారు. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. 1886 నాటికి దేశంలోని రేవులన్నిటికీ తంతి మీద హెచ్చరికలు వెళ్లేవి.

అయితే అవి ఓడల కోసం పుట్టిన హెచ్చరికలు. రేవులో స్తంభం మీద పగలు గోళాలు, శంకువులు, రాత్రి దీపాలు కడితే నావికులు చూసి జాగ్రత్త పడేవారు. 'మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు' అని మనం నేటికీ వార్తల్లో వినే అంకెలు ఆ పద్ధతివే. మొత్తం పదకొండు. పదో నంబరు అంటే మహా ప్రమాదం. పదకొండో నంబరుకు అర్థం వేరు: తుఫాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఇల్లు వదిలి వెళ్లాలా వద్దా అన్న సంగతి ఈ అంకెల్లో వెతికితే దొరకదు. తీరం పల్లెల్లో ఇప్పటికీ చాలామంది వాటినే పట్టుకుని కూర్చోవడం బాధ కలిగిస్తుంది.

పల్లెకు కబురు చేరకపోతే ఏమవుతుందో 1977 నవంబరు 19న కృష్ణా తీరంలోని దివిసీమ చూసింది. అప్పటికే విశాఖలో తుఫాన్లను పసిగట్టే రాడార్ 1970 నుంచీ ఉంది, తుఫాను హెచ్చరికల కేంద్రం 1974 నుంచీ ఉంది. తుఫాను వస్తోందని తెలుసు. కానీ తీరం పల్లెల్లో రేడియో ఉన్న ఇళ్లు తక్కువ, పరుగెత్తి తలదాచుకోవడానికి గట్టి కట్టడాలు ఇంకా తక్కువ. దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్లను ఊడ్చేసింది. సర్కారు లెక్క ప్రకారమే మృతులు 10,000 దాకా ఉన్నారు. అసలు సంఖ్య అంతకన్నా చాలా ఎక్కువని అక్కడివాళ్లు ఇప్పటికీ అంటారు.

ఆ తర్వాతే తీరమంతటా తుఫాను షెల్టర్లు లేచాయి. 1983లో కక్ష్యకు చేరిన ఇన్‌శాట్-1బి ఆసరాతో ఎంపిక చేసిన ఊళ్లలో రిసీవర్లు పెట్టారు. ముందు సైరన్ మోగేది, ఆ వెనకే స్థానిక భాషలో హెచ్చరిక వినిపించేది. 1990 మేలో మళ్లీ కృష్ణా తీరానికే పెను తుఫాను వచ్చింది. ఈసారి లక్షలాది జనాన్ని ముందే తరలించారు, మృతులు వెయ్యి లోపే. అయినా 1996 నవంబరులో కోనసీమను తాకిన తుఫాను వెయ్యికి పైగా ప్రాణాలు తీసింది. వారిలో చాలామంది వేటకు వెళ్లిన మత్స్యకారులు. ఊళ్లో మోగే సైరన్ నడిసముద్రంలో ఉన్న పడవకు వినబడదు.

నేడు ఒడ్డున ఉండగానే కబురు తెలుసుకునే సాధనాలు ఫోన్‌లోనే ఉన్నాయి. వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లోనూ 'మౌసం' యాప్‌లోనూ వాయుగుండం పుట్టినప్పటి నుంచీ బులెటిన్లు వస్తాయి. అది తుఫానుగా మారితే మూడు గంటలకొకటి. వేటకు వెళ్లేవారికి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల ఎత్తు, సముద్రం తీరు చెబుతుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ సందేశాలు తెలుగులోనే అందుతాయి. 'విండీ' లాంటి యాప్‌లు గాలుల బొమ్మను కళ్లకు కట్టినట్టు చూపిస్తాయి. కానీ అవి కంప్యూటర్ నమూనాల లెక్కలు మాత్రమే. అక్కడ పది రోజుల తర్వాతి బొమ్మ చూసి ఎవరో పంచే భయాన్ని నమ్మనక్కర్లేదు.

బులెటిన్‌లో అందరూ చూసేది తుఫాను దారిని చూపే గీతను. చూడాల్సింది దాని చుట్టూ శంకువులా విచ్చుకునే ప్రాంతాన్ని. 2009 నుంచి వాతావరణ శాఖ దీన్ని ఇస్తోంది. తుఫాను కేంద్రం ఆ మేరలో ఎటైనా మళ్లవచ్చని దాని భావం. గాలివానలు ఆ హద్దు దాటి కూడా వస్తాయి. 'గీత మా ఊరి మీదుగా లేదు కదా' అని ధీమాగా ఉండటం ప్రమాదం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదుగా తీరం దాటినప్పుడు కైలాసగిరి మీది డాప్లర్ రాడారే దెబ్బతింది. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. పదకొండో నంబరు చెప్పే స్థితి నగరమంతటికీ ఎదురైంది. అందుకే తుఫాను ఇంకా సముద్రంలో ఉండగానే బులెటిన్ చదవండి, ఫోన్ ఛార్జి చేసుకోండి, బ్యాటరీ రేడియో ఒకటి ఇంట్లో ఉంచండి. స్మార్ట్‌ఫోన్ లేని పక్కింటివాళ్లకు ఆ బులెటిన్ మీరే చదివి వినిపించండి.