గడప, ద్వారబంధం, కిటికీ చట్రం: రంగు వేసే ముందు చేయవలసిన పని

గంజాం జిల్లాలోనూ, ఇచ్ఛాపురం సరిహద్దుకు ఇరువైపులా ఉన్న పల్లెలలోనూ ఇంటి లోపలి కర్రపని అంటే ముఖ్యంగా ద్వారబంధాలు, గడపలు, కిటికీ చట్రాలు, తలుపు రెక్కలు. ఒడియా పనివారు ద్వారబంధాన్ని చౌకాఠ అనీ, గడపను ఏరుండి అనీ అంటారు. బరంపురంలో రంగుపని మాట్లాడుకునేవారికి ఈ రెండు మాటలూ తెలిసి ఉండటం మంచిది. గోడ సున్నం వెలిసినా ఎవరూ అంతగా పట్టించుకోరు గాని, గుమ్మం మీద రంగు పెచ్చులూడితే ఇల్లంతా పాతబడినట్టు కనబడుతుంది.

పెచ్చులూడటానికి కారణం చాలా సందర్భాలలో పైరంగు కాదు. దాని కింద మిగిలిపోయిన తేమ, నూనె, సున్నం. కనుక కింది పొరను శుభ్రం చేయక తప్పదు. అయితే మన పాత ఇళ్ళలో ఆ పొరను ఎలా పడితే అలా గీకడం పిల్లల ఆరోగ్యానికి ముప్పు. ఈ సంగతి చాలామంది ఇళ్ళవారికే గాక పనివారికి కూడా తెలియదు కాబట్టి ముందుగా దానినే వివరించడం అవసరం.

పాత పసుపు రంగులో సీసం

తెలుగువారి ఇంట గడపకు పసుపు రంగు వేసి, దానిపై ఎర్రని బొట్లు పెట్టించడం ఆచారం. ఏ శుక్రవారానికి ఆ శుక్రవారం పసుపు రాసే ఓపిక లేక ఎనామిల్ రంగునే పూయించిన ఇళ్ళు లెక్కకు మిక్కిలి. దశాబ్దాల పాటు ఎనామిల్‌కు ఆ మెరిసే పసుపు వన్నె తెచ్చినది ఎక్కువగా సీసపు క్రోమేటు అనే పదార్థమే. నారింజ, ఎరుపు రంగులలోనూ, నీలంతో కలిపి చేసిన ఆకుపచ్చలోనూ అది ఉండేది. రంగు త్వరగా ఆరడానికి సీసపు లవణాలను వేరుగా కలిపేవారు కూడా. కేంద్ర ప్రభుత్వం 2016లో నియమావళి ప్రకటించి, ఇళ్ళకు వాడే రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని నిర్ణయించింది. అది 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు రంగు వేసిన గుమ్మంలో సీసం ఉన్నదనే భావించి పని చేయడం క్షేమకరం.

రంగు గట్టిగా అంటుకుని ఉన్నంత కాలం భయపడవలసినది తక్కువ. పొడిగా రుద్దినపుడు లేచే సన్నని ధూళి, పెచ్చులుగా రాలిన ముక్కలు అసలు ప్రమాదం. పాకే వయసు పిల్లవాడు గడపను పట్టుకునే లేచి నిలబడతాడు. ఆ చేయి తిన్నగా నోటిలోకే పోతుంది. పెద్దల కంటె చిన్నపిల్లల శరీరం సీసాన్ని అనేక రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది, రక్తహీనత కలుగుతుంది. ఇంత మోతాదు వరకు హాని లేదని చెప్పగల పరిమితి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. పైకి లక్షణాలు కనబడకపోవచ్చు కనుక, అనుమానం ఉన్నచోట రక్తపరీక్షే మార్గం. (2019లో వెలువడిన ఒక పరిశోధనలో బంగ్లాదేశ్‌లో వంట పసుపుకు వన్నె తేవడానికి ఇదే సీసపు క్రోమేటు కలిపినట్లు తేలింది. మరీ ధగధగలాడే విడి పసుపు కొనేటప్పుడు ఇది గుర్తుండాలి.)

కాబట్టి పాత రంగు గట్టిగా ఉంటే దానిని పూర్తిగా ఊడదీయించవద్దు. సబ్బునీటితో కడిగి, మెరుపు పోయేటంత మాత్రం తడి మీద రుద్ది, ఆపైన కొత్త పూతలు వేస్తే చాలు. ఊడిపోతున్న చోటనే నీళ్ళు చల్లి, బ్లేడుతో మెల్లగా తీయాలి. ఉప్పుకాగితానికి బదులు నీటిలో తడిసినా చిరగని వాటర్ పేపరు వాడాలి. కింద పాత ప్లాస్టిక్ పట్టా పరచి, రాలినదంతా అందులోనే మూటకట్టి పారవేయాలి. పెరటిలోనో బావి దగ్గరో దులపరాదు. స్టవ్ మంటతో రంగు కాల్చి తీసే పద్ధతిని ఇంటిలోపల అసలే అనుమతించకూడదు, ఆ పొగలోనూ సీసం ఉంటుంది. పని జరిగే రోజులలో పిల్లలనూ, గర్భిణులనూ వేరే ఇంట ఉంచగలిగితే మేలు. చీపురుతో ఊడ్చడం మాని తడిగుడ్డతో తుడవాలి. రంగు పనివాడు కూడా ఆ బట్టలతోనే ఇంటికి పోయి తన బిడ్డను ఎత్తుకుంటాడన్నది మరువరాదు. చేతులు కడుక్కోవడానికి, బట్టలు మార్చుకోవడానికి అతనికి చోటు చూపించాలి.

తేమ, ఉప్పుగాలి, సున్నం

పండుగకు రంగులు వేయించాలనే తొందరలో మనవారు ఎక్కువగా దసరా ముందు పని పెట్టుకుంటారు. మన తీరానికి అది సరైన అదను కాదు. ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటినది 2013 అక్టోబరు 12న, తిత్లీ పలాస సమీపంలో దాటినది 2018 అక్టోబరు 11న. రెండూ నవరాత్రుల లోపలే. తుపాను రాకపోయినా, వర్షాకాలమంతా నీరు పీల్చిన కర్ర అప్పటికి ఆరి ఉండదు. ఆ తేమ మీద ఎనామిల్ పూస్తే లోపలి నీరు బయటికి రాలేక పొక్కులు లేస్తాయి. తలుపు ఇంకా బిగుసుకుపోతున్నదంటే కర్ర ఆరలేదని అర్థం. సంక్రాంతి వెళ్ళిన తరువాత ఫాల్గుణం వరకు ఉన్న కాలం అన్నిటికంటె అనుకూలం. రెండేళ్ళకొకసారి చైత్రంలో వచ్చే బరంపురం ఠాకురాణి యాత్రకు ఇల్లు సిద్ధం చేసుకునేవారికి కూడా అదే తగిన సమయం. వరదనీటిలో నానిన ద్వారబంధాన్ని మాత్రం కొన్ని వారాలు గాలికి ఆరనివ్వాలి.

సముద్రపు ఒడ్డు గ్రామాలలో కర్ర మీద కంటికి కనబడని ఉప్పు పేరుకుంటుంది. అది గాలిలోని తేమను లాగుతుంది కనుక ముందు మంచినీటితో తుడిచి ఆరబెట్టాలి. మేకుల తలలను లోపలికి దిగగొట్టి, వాటిపై రెడ్ ఆక్సైడ్ పూయకపోతే తుప్పు మరక పైకి తేలుతుంది. సున్నపు గోడల ఇళ్ళలో మరొక చిక్కు ఉంది. సున్నంలోని క్షారం నూనె రంగును సబ్బులా మార్చి మెత్తబరుస్తుంది. గోడపని ముగిసి, కమ్ముల మీది చిందులు గీకి కడిగిన తరువాతనే కర్రపనికి దిగాలి.

గడపకు ప్రత్యేక శ్రద్ధ కావాలి. శుక్రవారపు పసుపు కుంకుమలు, మార్గశిర గురువారాలలో ఒడియా ఇళ్ళ పద్ధతిని చూసి మనమూ వేసే బియ్యప్పిండి ముగ్గులు, దీపపు నూనె చుక్కలు అక్కడ పొరలుగా చేరతాయి. సబ్బు తగలగానే పసుపు ఎర్రబడితే కంగారు పడనక్కరలేదు, క్షారానికి పసుపు గుణమే అంత. నీరు తేటగా వచ్చే వరకు కడిగి, ఆరిన తరువాత టర్పెంటైన్ గుడ్డతో నూనె జిడ్డు తీయాలి.

పూతల క్రమం

ఒడియావారు శాల అనే గుగ్గిలపు కర్ర భంజనగర్ వైపు అడవులలో విరివిగా ఉండటం వల్ల ఈ జిల్లా పాత ఇళ్ళలో అది తరచు కనబడుతుంది. గట్టిదే గాని ఆరేకొద్దీ నెరియలు విచ్చుతుంది. దాని జిగురు ఊరే చోట్లా, ఏ కర్రకైనా ముడులున్న చోట్లా, ముందు స్పిరిట్‌లో కరిగించిన లక్కను పలుచగా పూయాలి. చెదలు పట్టిన భాగాన్ని కోసి కొత్త ముక్క వేయించాలే గాని పుట్టీతో కప్పిపుచ్చరాదు.

బయటపడిన కర్రకు మొదట ప్రైమరు, ఆ తరువాతనే లప్పం. ఈ వరస తప్పితే కర్ర లప్పంలోని నూనెను పీల్చుకొని దానిని పొడిపొడిగా రాల్చేస్తుంది. గోడకు వాడే సిమెంటు పుట్టీ కర్ర మీద నిలవదు. అవిసె నూనెతో కలిపిన సుద్దపొడి లప్పం గాని, కర్రకోసం తయారైన పుట్టీ గాని వాడాలి. లోతైన నెరియను ఒక్కసారే నింపక రెండు మూడు విడతలుగా నింపాలి. పాత రంగు లేని కొత్త లప్పాన్ని మొదట 120 నంబరు, పిదప 220 నంబరు కాగితంతో నునుపు చేసి, మరొక పలుచని ప్రైమరు వేయాలి.

ఎనామిల్ రెండు పలుచని పూతలుగా వేయడం ఉత్తమం. ఒక మందపు పూత జారి కన్నీటి చారలు కడుతుంది. పలుచన చేయడానికి కిరోసిన్ కలపనివ్వవద్దు, మెరుపు చచ్చిపోతుంది. కుంచెను మూడవ వంతు మాత్రమే ముంచి, చివరి గీతలు కర్ర పొడవు వెంట లాగాలి. తలుపుకు మొదట నడిమి పలకలు, తరువాత అడ్డపట్టీలు, చివరకు నిలువు కమ్ములు. రెక్క చట్రాన్ని ఒరుసుకునే అంచులో పాత పూతలు మందంగా ఉంటే అక్కడ మళ్ళీ పూయరాదు. లేకుంటే ఆషాఢంలో తలుపు పడదు. పూతకూ పూతకూ నడుమ కనీసం ఒక పగలూ ఒక రాత్రీ విడవాలి. డబ్బా మీద తయారీ సంస్థ పేరు, తేదీ, సీసం పరిమితికి లోబడినదన్న మాట లేనిదే కొనవద్దు. ముఖ్యంగా గడపకు.

తాకితే అంటకపోయినా ఎనామిల్ లోపల గట్టిపడటానికి సుమారు వారం పడుతుంది. అంతవరకు గడప మీద కాలు వేయకుండా అడ్డంగా పలక పెట్టి, పసుపు కుంకుమలు ఆ తరువాత వచ్చే శుక్రవారం రాసుకోవచ్చు.