సంగటి ముద్ద, పేగు కబురు

ప్రొద్దుటూరు పక్క పక్షవాతం అనేవాళ్లు తక్కువ; 'కాలూ చెయ్యీ పడిపోయింది' అంటారు. పడిపోయేది కాలూ చెయ్యే గానీ, చాలావరకు పూడుకుపోయేది మెదడు రక్తనాళం. దానికి పేగుతో లంకె ఉందని తేలడానికి నూరేళ్లకు పైనే పట్టింది.

జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ల క్యాంబెల్ ఆసుపత్రి వెలిసింది 19వ శతాబ్దం చివర్లో. కొన్నేళ్లకే, 1902లో, అదే లండన్‌లో శాస్త్రవేత్తలు బేలిస్, స్టార్లింగ్ ఓ కుక్క పేగుకు పోయే నరాలను తెంచి, అందులో ఆమ్లం పోశారు. అయినా క్లోమరసం ఊరింది. అంటే కబురు నెత్తుట్లోనే పోతోంది. ఆ కబురే సెక్రెటిన్. ఇలాంటి కబుర్లకు 'హార్మోన్' అన్న మాటను స్టార్లింగ్ 1905లో వాడుకలోకి తెచ్చాడు.

1928లో ఐవీ, ఓల్డ్‌బెర్గ్ మరో పేగు హార్మోన్ కొలిసిస్టోకైనిన్‌ను గుర్తించారు. కొవ్వు తగలగానే పేగు దీన్ని వదులుతుంది, పిత్తాశయం ముడుచుకుని పైత్యరసం దింపుతుంది. ఆ రసంలోని ఆమ్లాలను కాలేయం చేసేది నాళాలను పూడ్చే కొలెస్టరాల్‌తోనే! పేగును అప్పుడే అనుమానించాల్సింది. కానీ వైద్యుల చూపు కాలేయం మీదే నిలిచింది. 1973లో జపాన్‌లో అకిరా ఎండో బూజు నుంచి తీసిన కొలెస్టరాల్ మందు, తొలి స్టాటిన్, పనిచేసేదీ కాలేయంలోనే. క్యాంబెల్ ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి పులివెందులలో తండ్రి పేర 70 పడకల ఆసుపత్రి పెట్టిందీ ఆ ఏడాదే.

1983 ఇంకా చిత్రమైన ఏడాది. గ్లూకగాన్ జన్యువులో జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోన్ దాగుందని అప్పుడే బయటపడింది. ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చిందీ అప్పుడే. సీమ కంచాల్లో కొర్ర, జొన్న సంగటి వెనక్కి జరిగింది. ఆకలి తీర్చిన పథకాన్ని తప్పుపట్టడం కాదిది. కాకపోతే చిరుధాన్యాల పీచును పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెడితేనే జీఎల్‌పీ-1ను ఉసిగొల్పే చిన్న కొవ్వు ఆమ్లాలు పుడతాయి.

ఈ హార్మోన్ జీర్ణాశయం నెమ్మదించేలా చేస్తుంది, తిన్నాక నెత్తుట్లో చేరే కొవ్వును తగ్గిస్తుంది. 2016లో వెలువడిన ఓ పరీక్షలో 3,297 మంది మధుమేహులను రెండేళ్లు చూస్తే, ప్రాణం తీయని పక్షవాతం ఉత్తుత్తి మందు వాడినవాళ్లలో 2.7 శాతం, జీఎల్‌పీ-1ను పోలిన సెమాగ్లుటైడ్ మందు వాడినవాళ్లలో 1.6 శాతం. చెడు కొలెస్టరాల్ తగ్గేది కొద్దిగానే. బరువు, రక్తపోటు, నాళాల గోడల్లో వాపు తగ్గడం కూడా కలిసొచ్చి ఉండాలి.

అట్లని సంగటిని మందనుకోకూడదు. అది పుట్టించే జీఎల్‌పీ-1 రెండు నిమిషాల్లో సగమైపోతుంది. సెమాగ్లుటైడ్ సగం కావడానికి వారం పడుతుంది.