తెలంగాణ స్వపరిపాలన ఉద్రిక్తతలు (1952–1969)
హైదరాబాద్ రాష్ట్ర తెలుగు జిల్లాల్లో ఉద్యోగాలు, నిధులు, రాజకీయ అధికారంపై స్థానికుల హక్కు కోసం తలెత్తి, ప్రత్యేక రాష్ట్ర డిమాండుగా మారిన వివాదం. దీని మూలం 1919 నాటి ముల్కీ (స్థానిక) నిబంధనలు. సర్కారు కొలువుకు 15 ఏళ్ల స్థానిక నివాసం ఉండాలన్నది వాటి షరతు. హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన 1948 పోలీసు చర్య తర్వాత బయటివారు దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో ఉద్యోగాల్లో చేరుతున్నారన్న ఆరోపణ 1952 విద్యార్థి ఆందోళనకు దారితీసింది. 'నాన్ ముల్కీ గో బ్యాక్'తో పాటు 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్' అన్న నినాదమూ వినిపించింది. ఆ సెప్టెంబరులో హైదరాబాద్ సిటీ కాలేజీ వద్ద పోలీసు కాల్పుల్లో ప్రాణనష్టం జరిగింది.

1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణపై ఏర్పడిన ఫజల్ అలీ కమిషన్, ఆంధ్రతో తెలంగాణ విలీనాన్ని 1961 ఎన్నికల తర్వాత శాసనసభ మూడింట రెండొంతుల మద్దతుకు వదిలేయాలని సూచించింది. ఆ గడువు రాకముందే, ఆంధ్ర, తెలంగాణ నేతల మధ్య 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం ఆధారంగా నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అందులోని ఉపముఖ్యమంత్రి పదవి హామీ మొదటి మంత్రివర్గంలోనే అమలు కాలేదు. తెలంగాణ మిగులు నిధుల మళ్లింపు, నియామక నిబంధనల ఉల్లంఘన 1969 ఉద్యమానికి ప్రధాన కారణాలు. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు నివాస నిబంధనను కొట్టివేయడంతో ఆందోళన ముదిరింది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజా సమితి 10 స్థానాలు గెలిచింది.